కేబుల్ తీయించే ముందు...

నెల మొదటి వారం వచ్చిందంటే పాలు, పేపరు, గ్యాసు, కరెంటు... వాటి వెనకే కేబుల్ బిల్లు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన కొత్తలో ఇంటికి కేబుల్ రావడమే ఒక ముచ్చట. ఇప్పుడు అదే కేబుల్ తీయించేస్తే ఎంత మిగులుతుందా అని లెక్కలు వేసుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి. "డాబా మీద డిష్ పెట్టించుకుంటే ఇక నెలనెలా బిల్లే ఉండదట" అని ఎవరో చెప్పగానే ఇంట్లో మగవాళ్లు హుషారవుతారు. ఆ మాట నిజమే. కానీ ఆ డిష్‌లో ఏం వస్తాయో, ఏం రావో తెలుసుకోకుండా తొందరపడితే పోయేది ఎవరి కాలక్షేపం? ఎక్కువసేపు ఇంట్లో ఉండేవాళ్లదే కదూ!

పాత యాంటెనా పనికిరాదు

అటక మీద ఉన్న పాత యాంటెనా దించి బిగిద్దామనుకోకండి. దానికి ప్రసారాలు అందించే దూరదర్శన్ టవర్లు కొద్దిచోట్ల తప్ప 2022 నాటికి మూతపడ్డాయి. ఇప్పుడు ఉచితంగా దొరికేది దూరదర్శన్ వారి డి.డి. ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైంది ఇదే. ప్రసారాలు ఉపగ్రహం నుంచి నేరుగా మన డాబా మీది డిష్‌కి వస్తాయి. డిష్, తీగ, బాక్సు అన్నీ కలిపి సుమారు 2 వేల రూపాయలు ఒక్కసారి పెట్టుకుంటే చాలు. కేబుల్‌కి మీరు నెలకి 350 కడుతున్నారనుకోండి, ఏడాదికి 4,200. అంటే డిష్ ఖర్చు ఆరు నెలల్లో తిరిగి వచ్చేస్తుంది.

వచ్చేవి, రానివి

దూరదర్శన్ చానెళ్లన్నీ వస్తాయి. మన సప్తగిరి, యాదగిరి అందులోనివే. వార్తలు, భక్తి కార్యక్రమాలు, పాత సినిమాలు, వ్యవసాయ కార్యక్రమాలు, కొన్ని ముఖ్యమైన క్రికెట్ మ్యాచ్‌లు చూడవచ్చు. ఒకటి నుంచి పన్నెండో తరగతి వరకు పాఠాల చానెళ్లూ ఉన్నాయి. ఆకాశవాణి కూడా వినిపిస్తుంది. ప్రైవేటు చానెళ్లు కూడా ఉన్నాయి గానీ ఎక్కువ భాగం హిందీవి.

రానివి ఏమిటంటే, చందా తీసుకునే చానెళ్లు. మీరు సాయంత్రం పనులన్నీ తెముల్చుకుని చూసే తెలుగు సీరియల్ అలాంటి చానెల్లో వస్తుంటే అది ఇందులో ఉండదు. అసలు చిక్కు ఇక్కడే!

ఒక వారం రాసి చూడండి

టీవీ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. ఒక వారం పాటు ఎవరు, ఏ చానెల్, ఎంతసేపు చూశారో రాయండి. అత్తయ్యగారి భక్తి కార్యక్రమం, పిల్లల కార్టూన్లు, మీ వారి వార్తలు, మీ సీరియల్... అన్నీ రాయాలి. వారం తిరిగేసరికి రెండొందల చానెళ్లకి డబ్బు కడుతూ ఏడెనిమిదే చూస్తున్నారని తేలినా ఆశ్చర్యం లేదు.

వాటిలో చందా చానెళ్లు ఏవీ లేకపోతే నిశ్చింతగా ఫ్రీ డిష్ పెట్టించుకోండి. ఒకటి రెండే ఉంటే కేబుల్ ఉంచుకునే ఖర్చు తగ్గించుకునే దారి ఉంది. 2019 నుంచి కావలసిన చానెళ్లని విడివిడిగా ఎంచుకునే హక్కు మనకుంది. కాకపోతే నెట్‌వర్క్ ఛార్జీ అని వేరే ఉంటుంది. అప్పట్లో దానికి 130 రూపాయలు, పన్ను అదనం, అని పరిమితి పెట్టారు. 2024లో ట్రాయ్ ఆ పరిమితి ఎత్తేసింది. కాబట్టి మీ దగ్గర ఎంత తీసుకుంటున్నారో అడిగి కాగితం మీద రాయించుకోండి. విడివిడి చానెళ్ల ధర, ప్యాక్ ధర పక్కపక్కన వేసి చూస్తే ఏది చవకో తెలిసిపోతుంది.

"సీరియల్ ఫోన్లో చూసుకోవచ్చులే" అంటారు పిల్లలు. ఫోన్ రీఛార్జ్ ఖర్చు కూడా లెక్కలో వేయండి. కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లకి ఆ చిన్న తెర ఏం ఆనుతుంది!

డిష్ పెట్టించేటప్పుడు

* మన ప్రాంతంలో డిష్ ఇంచుమించు ఆగ్నేయం వైపు, ఆకాశంలోకి చూస్తుండాలి. వంటిల్లు ఉండాలనే మూలే కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక! అటువైపు చెట్టుగానీ ఎత్తయిన మేడగానీ అడ్డుంటే బొమ్మ రాదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి. అద్దె ఇల్లయితే యజమానిని అడిగి గోడకి మేకు కొట్టండి.

* బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం అడగండి. పాత రకంలో చానెళ్లు తక్కువ వస్తాయి.

* తీగని కిటికీలోంచి లోపలికి తెచ్చే ముందు కిందికి కాస్త వేలాడేలా వదిలించండి. వాన నీళ్లు తీగ వెంబడి ఇంట్లోకి రాకుండా అక్కడే కారిపోతాయి. బయట ఉండే అతుకులకి టేపు చుట్టించండి.

* జోరు వానలో బొమ్మ ఆగిపోతే కంగారు పడకండి. వాన తగ్గగానే వస్తుంది. అలా రాకపోతేనే డిష్ కదిలిందేమో చూడాలి.

* కేబుల్ వెంటనే తీయించకండి. డిష్ పెట్టించాక ఒక నెల రెండూ ఉంచి చూడండి. తీయించేటప్పుడు బాక్సుకి డిపాజిట్ కట్టి ఉంటే రసీదు చూపించి అడగండి.

పొదుపు మంచిదే. కానీ అది ఒక్కరి సరదాని తుంచి చేసేది కాకూడదు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టాక అరగంట కూర్చునే ఇల్లాలి సీరియల్‌ని "అనవసరపు ఖర్చు" పద్దులో వేసే ముందు, మిగతా వాళ్ల పద్దులు కూడా ఆ నోటు పుస్తకంలో ఒకసారి చూడమనండి. కేబుల్ ఉంచాలా తీయాలా అన్నది ఆ తర్వాత అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు.