గట్టు మీదైనా గాలి అందరిదీ!

వయ్యారిభామను ఊరంతా కలిసి పీకుదాం రండి

రైతన్నలారా, కూలి అక్కచెల్లెళ్లారా, బడి పిల్లలారా!

పోయిన వానాకాలం మన ఊళ్లోనే ఓ రైతు కూలీలను పెట్టి తన గట్ల మీది ఈ కలుపంతా పీకించాడు. నెల తిరక్కుండా మళ్లీ మొలిచింది. పక్క బీడులో, బడి గోడ వెంట, బండ్లబాట పొడుగునా అది తెల్లగా విరగబూసి ఉంటే ఆయనొక్కడి కష్టం ఏ మూలకు? ఒక్క మొక్క 10,000కు పైగా గింజలు రాలుస్తుంది. అవి గాలికి, వాననీటికి కొట్టుకుని, ట్రాక్టరు టైరు మట్టికి అంటుకుని పోతాయి. సర్వే నంబరు చూసి ఆగవు.

2000 సంవత్సరం గుర్తుందా? మన అనంతపురం జిల్లాలో వైరస్ కాండంకుళ్లు తెగులు సుమారు 2,25,000 హెక్టార్ల చెనిక్కాయను పట్టింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రవేత్తల అంచనా. ఆ వైరస్‌కు ఇల్లు ఈ మొక్కే. పైకి పచ్చగానే ఉంటుంది. దాని పుప్పొడి గాలికొచ్చి చెనిక్కాయ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీకిన చోట పుప్పొడిలోని వైరస్ లోపలికి దిగుతుంది. అంటే పక్కోడి గట్టు మీది పువ్వు మన చేలో తెగులు!

ఈ మొక్కను తాకితే దురద, దద్దుర్లు. పుప్పొడి పీలిస్తే తుమ్ములు, ఆయాసం. మేసిన గేదె పాలు చేదు.

ఇలా చేద్దాం:

● పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడే వేరుతో పీకాలి. కోసేస్తే మళ్లీ చిగురిస్తుంది.

● చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం, చర్మరోగం ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి.

● పూత లేనివి పేడతో కలిపి ఎరువు గుంతలో వేద్దాం. పూసినవి మాత్రం గుంతలో వేయొద్దు.

● చారల పెంకు పురుగు వయ్యారిభామ ఆకులు తింటూ కనిపిస్తే మందు కొట్టొద్దు. 1983లో మెక్సికో నుంచి తెప్పించిన మన నేస్తమది.

● ఖాళీ అయిన చోట అది మళ్లీ లేవకుండా తంటెం, తంగేడు గింజలు చల్లుదాం.

బీడు ఎవరిది, బాట ఎవరిదని పంచాయితీ వద్దు. ఎవరిదీ కాని చోటే ముందు మొదలుపెడదాం.

వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు రచ్చకట్ట దగ్గరికి ఇంటికొకరు రండి. పదును ఆరకముందే పని అయిపోవాలి. నెలకు మళ్లీ ఓసారి చుట్టి వద్దాం.

ఒక్క గట్టు వదిలినా ఊరంతా మొలుస్తుంది!

ఇట్లు,
గ్రామ రైతులు, రైతు కూలీలు