స్ప్రింగులు కోస్తే కారు కిందికి, ప్రాణం మీదికి

మన డెల్టా గ్రామాలలో ఇటీవల సెకండ్‌హ్యాండ్ కారు కొన్న యువకులు మొదట చేయిస్తున్న పని దానిని కిందికి దింపించడం. కారు నేలకు ఎంత దగ్గరగా ఉంటే అంత స్పోర్ట్స్ కారు అన్న భ్రమ బాగా ప్రబలింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ పందెంలో నేలకు అంటుకున్నట్టు పరుగెత్తిన కార్లను టీవీలో చూసిన వారికి ఈ సోకు ఇంకా ముదిరి ఉంటే ఆశ్చర్యం లేదు. అయితే ఆ కార్లు తిరిగేది పందెం కోసం సిద్ధం చేసిన దారి మీద. మన కార్లు తిరిగేది కాలవ గట్ల మీద.

కారును దింపడంలో అర్థం లేకపోలేదు. బరువు నేలకు దగ్గరైతే మలుపులో బండి పక్కకు వాలడం తగ్గుతుంది. అందుకే స్పోర్ట్స్ కార్లను తయారీలోనే అలా కడతారు. స్ప్రింగు, షాకబ్జార్బరు, చక్రాన్ని పట్టుకునే ఆర్ము అన్నీ ఆ ఎత్తుకే కుదిర్చి బిగిస్తారు. మనవాళ్లు చేయిస్తున్నది అది కాదు. గ్యాస్ కట్టరుతో ఉన్న స్ప్రింగులోనే ఒకటి, ఒకటిన్నర చుట్టు కోయించి పారేస్తున్నారు. ఇంకా దారుణం, కొన్ని చోట్ల స్ప్రింగును ఎర్రగా కాల్చి కుంగదీస్తున్నారు. స్ప్రింగు ఉక్కుకు పదును పెట్టడమే ప్రాణం. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. అక్కడ అది మెత్తబడి కుంగుతుంది, లేదా ఒకనాడు గుంతలో పటుక్కున విరుగుతుంది.

కోస్తే మెత్తబడుతుందని చాలామంది అనుకుంటున్నారు. నిజం దీనికి విరుద్ధం. చుట్లు తగ్గిన కొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పనిచేసే ఆరు చుట్లలో ఒకటిన్నర తీసివేస్తే మూడో వంతు గట్టిపడినట్టే. పాత షాకబ్జార్బరు ఆ గట్టి స్ప్రింగును అదుపు చేయలేదు. బండి బంతిలా ఎగురుతుంది. షాకు లోపలి కడ్డీకి కిందికి దిగే జాగా కూడా తగ్గిపోతుంది కనుక ప్రతి గుంతకూ రబ్బరు దిమ్మకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బ పైన బాడీకి, వెనుక సీటులో కూర్చున్న ముసలమ్మ నడుముకు తగులుతుంది. వీటన్నిటికన్నా ప్రమాదం మరొకటి ఉంది. చక్రం గాలిలోకి లేచినప్పుడు పొట్టి స్ప్రింగు తన గిన్నెలో నుంచి వదులై పక్కకు జారవచ్చు. అలా జారిన బండిని మలుపులో ఎవరు నిలుపుతారు?

దింపి తీరాలనుకునే వారు ఆ మోడల్ కోసమే తయారైన పొట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ పొట్టి షాకులు జతగా కొనాలి. స్ప్రింగు ఒక్కటే మార్చి షాకు తరువాత చూద్దాములే అనడం ఎద్దులను మార్చి కాడి మరిచినట్టు. ఎత్తు సవరించుకునే మరల సెట్లు కూడా దొరుకుతున్నవి. అవి పదుల వేలలో ఉంటాయి. వేసిన తరువాత బుష్‌లు, లింకు రాడ్లు చూపించి అలైన్‌మెంటు తప్పక చేయించాలి. దింపిన బండికి చక్రాలు వాలిపోతాయి, టైర్ల లోపలి అంచు కొద్ది నెలలలోనే అరిగిపోతుంది. హెడ్‌లైటు వెలుగు కూడా సరి చూసుకోవాలి. ఇంత ఖర్చు పెట్టలేని వారు బండిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచుకోవడమే మేలు. నన్నడిగితే, ఖర్చు పెట్టగలిగిన వారు కూడా మన దారులకు 25, 30 మిల్లీమీటర్లు దాటరాదు.

లెక్క చూడండి. మామూలు చిన్న కారు పొట్టకు, నేలకు నడుమ 160, 170 మిల్లీమీటర్ల జాగా ఉంటుంది. 60 దింపితే మిగిలేది 100 చిల్లర. అయిదుగురు ఎక్కితే అదీ తగ్గుతుంది. నిబంధన ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, అంటే తాబేలు వీపులా ఉండాలి. మన ఊళ్లలో అలాంటిది ఎక్కడైనా ఉన్నదా? ఎవరి ఇంటి ముందు వారు రాత్రికి రాత్రి సిమెంటుతో గోడ లేపుతున్నారు. ఇందులో తప్పు కుర్రవాళ్లది కాదు. పంచాయతీలు, రోడ్లు భవనాల శాఖ వీటిని తొలగించి సరైనవి వేయవలసి ఉంది. పైగా వానాకాలంలో కల్వర్టు మీద మోకాలి లోతు నీరు పారే ఊళ్లలో అర్ధరాత్రి పురుడు నొప్పులు వస్తే పట్నం వెళ్లేది ఈ కారే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా ఆర్.సి. వివరాలు మారేలా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించేందుకు అదే ఏడాది చట్టాన్ని సవరించారు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట వెతికేది ఇలాంటి సాకునే. కనుక పార్టు కొనక ముందే రవాణా కార్యాలయంలో అడగాలి.

కుర్రవాళ్లను తిట్టే పెద్దలకు కూడా ఒక మాట. ధాన్యం, చేపలు ఎక్కువ పట్టాలని సరుకు బండికి అదనపు కమాను పట్టీలు వేయించేది ఎవరు? కొన్ని బండ్లలో వెనుక కమాను కుంగిన మేరకే వెనుక బ్రేకు బలం అందేలా ఒక వాల్వు అమర్చి ఉంటుంది. పట్టీ ఎక్కువై కమాను కుంగకపోతే బండి ఖాళీగా ఉందని ఆ వాల్వు భ్రమపడుతుంది, బ్రేకు తగ్గిస్తుంది. నిండు బరువుతో దిగుడు వంతెన మీద అలాంటి బండి ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. కారును దింపినా, వ్యానును లేపినా కంపెనీ వేసిన లెక్కను చెరపడమే.

ఇప్పటికే కోయించిన వారు ఈ వారంలోనే మెకానిక్కు వద్ద బండిని ఎత్తించి చక్రాలు వేలాడదీయించి చూసుకోవాలి. స్ప్రింగు చేతికి వదులుగా కదిలితే ఆ బండిని రోడ్డు ఎక్కించరాదు. అదే మోడల్ కంపెనీ స్ప్రింగులు విజయవాడ ఆటోనగర్‌లో వాకబు చేస్తే దొరుకుతాయి. ఒక్కటి కాదు, జతగా మార్చాలి.