ప్లాస్టిక్‌లో ఏం కలిపారో టెండర్‌లోనే అడగాలి

కణాలు పెంచే ల్యాబ్‌లో పని నాది. బయోరియాక్టర్ కొనాలంటే పర్చేజ్ కమిటీ ముందు ధర చూస్తుంది, తర్వాత ‘మెడికల్ గ్రేడ్’ సర్టిఫికెట్ ఉందా అంటుంది. ఆ కాగితం కనబడితే చాలు, ఫైలు కదులుతుంది. మనిషి కణజాలం పెంచే పాత్రకు అదొక్కటే చాలదంటాను.

ఎందుకో ఒక పాత సంఘటన చెబుతుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో అనా సోటో, కార్లోస్ సోనెన్‌షైన్ రొమ్ము క్యాన్సర్ కణాలపై పనిచేసేవారు. ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉంటేనే పెరగాల్సిన కణాలు అది లేకుండానే పెరిగిపోతున్నాయి. ఒక్కో అనుమానం తీర్చుకుంటూ పోతే, చివరికి సీరమ్ పోసి ఉంచే ప్లాస్టిక్ ట్యూబు పట్టుబడింది. తయారీదారు చడీచప్పుడు లేకుండా ఫార్ములా మార్చాడు. ఏం కలిపారని అడిగితే వ్యాపార రహస్యమన్నారు. వీళ్లే విడదీసి చూసి, అది ఈస్ట్రోజెన్‌లా పనిచేసే నోనైల్‌ఫినాల్ అని 1991లో ప్రకటించారు.

ఇదంతా పాత ముచ్చటని కొట్టిపారేయలేం. ప్లాస్టిక్ చెడకుండా కలిపే ఇర్గాఫాస్ 168, గామా కిరణాలతో స్టెరిలైజ్ చేసిన, కణాలు పెంచే ప్లాస్టిక్ సంచుల్లో విచ్ఛిన్నమై, కణాల ఎదుగుదలను దెబ్బతీసే పదార్థంగా మారుతోందని 2013లో ఆమ్‌జెన్ శాస్త్రవేత్తలు చూపించారు.

మందుగా వాడే ప్రోటీన్‌నైతే కణాల నుంచి తీశాక వడపోత కాలమ్‌ల గుండా పంపి శుద్ధి చేస్తారు. కణజాలాన్ని అలా వడకట్టలేం కదా! హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో నల్లగుడ్డు అంచున ఉండే లింబల్ కణాలను ఉమ్మనీటి సంచి పొరపై పెంచి, ఆ పొరతో సహా రోగి కంటిపై అమర్చారు. పెంచేటప్పుడు ఏది అంటితే అది కంటికే చేరుతుంది.

సర్టిఫికెట్ వెనకుండే విషప్రభావ పరీక్ష సాధారణంగా ఎలుక కణాలపై ఒకటి రెండు రోజులు జరుగుతుంది. మన కణజాలమేమో వారాల తరబడి ఆ పాత్రలోనే ఉంటుంది. అందుకే మన కణాలతోనే, మనం పెంచే అన్ని రోజులూ పరీక్షించాలి. బయోరియాక్టర్‌కు ద్రవాలు చేరవేసే గొట్టాల సంగతీ అంతే. పెరాక్సైడ్‌తో గట్టిపరిచిన సిలికోన్‌ను ఆ తర్వాత సరిగా వేడిచేయకపోతే ఆమ్లపు అవశేషాలు మిగులుతాయి, ఒక్కోసారి పైన తెల్లటి పొడి పూస్తుంది. ఖరీదెక్కువైనా ప్లాటినంతో గట్టిపరిచినదే కొనాలి. గాజు, 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు కుదిరిన చోట వాటినే వాడాలి.

ప్లాస్టిక్‌లో కలిపినవన్నీ గోప్యత ఒప్పందం కిందైనా సరే చెప్పాలని, ఫార్ములా మార్చే ముందు రాతపూర్వకంగా తెలపాలని టెండర్‌లోనే షరతు పెట్టాలి. ఒప్పుకోని కంపెనీ ఎంత తక్కువ ధర కోట్ చేసినా పక్కన పెట్టాలి.