పిల్లలతో కూర్చుని ఏ బొమ్మ చూద్దాం?

ఈ నెల శీర్షికను ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాం. ఆదివారం ఆరాధన ముగిసి, ఇంటికి వచ్చి, భోజనాలయ్యాక పిల్లలతో కలిసి చూడదగ్గ బొమ్మ ఏది? ఈమధ్య వచ్చిన వాటిలో మన విశ్వాసానికి దగ్గరగా ఉండి, పిల్లలు మధ్యలో లేచిపోకుండా చూసేవి ఏమైనా ఉన్నాయా? మన సంఘంలోని క్రైస్తవ కుటుంబాల వారు పలువురు కొంతకాలంగా ఇదే అడుగుతున్నారు. ఇతర సభ్యులు ఇది తమకు కాదని పేజీ తిప్పేయవద్దని మనవి. మేము చెప్పబోయే వాటిలో చాలావరకు ఏ మతం వారైనా చూసి ఆలోచించదగ్గవే.

తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. క్రీస్తు కథ మనకు తెర మీద మన భాషలోనే దొరికింది. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చూడని తెలుగు క్రైస్తవ కుటుంబం అరుదు. ఎ. భీంసింగ్ దర్శకత్వం వహించిన ఆ చిత్రంలో క్రీస్తుగా నటించిన విజయచందర్ టంగుటూరి ప్రకాశం పంతులుగారి మనుమడు. ఆ బొమ్మనే హిందీలో 'దయాసాగర్' పేరిట గ్రామగ్రామాన తెరలు కట్టి చూపించారు. 1980లో బాపు రమణలు 'రాజాధిరాజు' తీశారు. అందులో నూతన్ ప్రసాద్ సైతాను వేషం కట్టి అందరినీ ఆకట్టుకున్నారు. పెద్ద పండుగలకు ఈ పాత బొమ్మలు పెట్టుకుని కళ్ళు తుడుచుకునే పెద్దవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

అయితే కౌలాలంపూరులోనో ఈపోలోనో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆ తెలుగు సగమే అర్థమవుతుంది. మిగతా సగం అమ్మ పక్కన కూర్చుని చెప్పాలి. పైగా వాళ్ళు రోజూ చూసే బొమ్మల హంగు వేరు. "అమ్మా, ఆ గడ్డం అతికించినట్టు తెలిసిపోతోంది" అంటే వాళ్ళ తప్పు కాదు. కనుక కొత్త వాటి కోసం వెదకడం సబబే.

ఇక్కడ మన దేశపు పద్ధతి కొంత తెలుసుకోవాలి. ఇస్లాం సంప్రదాయంలో ప్రవక్తలకు రూపం కల్పించి చూపడం నిషిద్ధం. క్రైస్తవులు దేవుని కుమారుడిగా కొలిచే యేసు వారికి ఈసా ప్రవక్త. మోషే మూసా ప్రవక్త. నోవహు నూహ్ ప్రవక్త. అందుచేత 1998లో వచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్' అనే మోషే బొమ్మనూ, 2014లో వచ్చిన 'నోవా'నూ మలేషియాలో ప్రదర్శించనివ్వలేదు. 2004లో మెల్ గిబ్సన్ 'పాషన్ ఆఫ్ ది క్రైస్ట్' వచ్చినప్పుడు మాత్రం సెన్సారు వారు ఒక మధ్యేమార్గం చూశారు. క్రైస్తవులకు మాత్రమే చూపేటట్టు అనుమతి ఇచ్చి, టిక్కెట్లు చర్చిల ద్వారా పంచే ఏర్పాటు చేయించారు. నేషనల్ ఎవాంజలికల్ క్రిస్టియన్ ఫెలోషిప్ వారు ఆ పని చూసుకున్నారు.

ఇందులో బాధపడవలసింది కొంత ఉందేమో గాని, మాకు ఒక మేలు కూడా కనిపిస్తోంది. క్రీస్తు పాత్ర తెర మీద కనిపించే బొమ్మలు ఇక్కడి హాళ్ళలో అరుదైనప్పుడు, క్రీస్తు చెప్పినట్టు బ్రతకడానికి ప్రయత్నించిన మనుషుల బొమ్మలు వెదుక్కోవాలి. అలాంటివి వెదకడం మొదలుపెడితే మంచివి చాలానే తగులుతాయి. పక్కింటి ముస్లిం స్నేహితులను కూడా పిలిచి, ఇబ్బంది లేకుండా కలిసి చూడవచ్చు.

ఇక ఏది మంచిది, ఏది కాదు అని తేల్చడం ఎలాగ? బొమ్మ మీద 'క్రైస్తవ చిత్రం' అని ముద్ర ఉంటే చాలదని మా అభిప్రాయం. అమెరికా నుంచి వచ్చే అటువంటి బొమ్మల్లో ఒక మూస ఉంది. కథానాయకుడికి కష్టం వస్తుంది. ప్రార్థన చేస్తాడు. చివరి పది నిమిషాల్లో రోగం నయమవుతుంది, అప్పు తీరుతుంది, విడిపోయిన భార్య తిరిగి వస్తుంది. నమ్మనివాడు మూర్ఖుడో దుర్మార్గుడో అయి ఉంటాడు. చూసినంతసేపూ మనసుకు హాయిగానే ఉంటుంది. కాని ఇవే చూసి పెరిగిన పిల్లవాడి ఇంట్లో రేపు తాతగారికి జబ్బు చేసి, అందరూ మోకరించి ప్రార్థించినా ఆయన దక్కకపోతే ఏమనుకుంటాడు? దేవుడు మోసం చేశాడనుకుంటాడు, లేదా తన ప్రార్థనలో లోపం ఉందని కుమిలిపోతాడు. సిలువ మధ్యలో ఉన్న మతానికి కష్టమే లేని కథ సరిపడదు. ఒక పూట కాలక్షేపం కోసం పిల్లల విశ్వాసాన్ని ఇంత బలహీనమైన పునాది మీద నిలబెట్టడం మంచిది కాదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

కాబట్టి మూడు ప్రశ్నలు వేసుకోమంటాం. ఈ కథలో మంచితనానికి ఎవరైనా వెల చెల్లించారా? మనకంటే వేరుగా నమ్మేవారిని మనుషులుగా చూపించారా? బొమ్మ అయిపోయాక పిల్లలు మాట్లాడటానికి ఏమైనా మిగిలిందా? మూడింటికీ అవునని జవాబు వస్తే, అందులో చర్చి గంట ఒక్కసారి మోగకపోయినా ఫరవాలేదు.

మొదట చెప్పవలసింది 'ఆఫ్ గాడ్స్ అండ్ మెన్'. జేవియర్ బోవువా 2010లో తీసిన ఫ్రెంచి బొమ్మ. ఆ సంవత్సరం కాన్ ఉత్సవంలో గ్రాన్ ప్రీ బహుమతి పొందింది. అల్జీరియాలో తిబిరీన్ అనే కొండ ఊళ్ళో కొందరు కాథలిక్ సన్యాసులు ముస్లిం గ్రామస్థుల మధ్య వ్యవసాయం చేసుకుంటూ ఉండేవారు. వారిలో వైద్యుడైన ఒక వృద్ధుడు ఊరందరికీ మందులిచ్చేవాడు. అంతర్యుద్ధం ముదిరి ప్రాణభయం వచ్చినప్పుడు వెళ్ళిపోదామా, ఉండిపోదామా అని వారు పడే మథనమే కథంతా. అందరూ వీరులు కారు. ఒకరు భయపడతారు, ఒకరు రాత్రి దేవుణ్ణి పిలిచి ఏడుస్తారు. 1996 మార్చిలో వారిలో ఏడుగురిని ఎత్తుకుపోయారు. తర్వాత వారు చనిపోయినట్టు తెలిసింది. ముస్లింల మధ్య నివసించే క్రైస్తవులుగా మనకు ఇంతకంటే దగ్గరి కథ దొరకదు. ఇందులో గ్రామస్థులు శత్రువులు కారు, ఇరుగుపొరుగువారు. నడక నెమ్మది కనుక పద్నాలుగేళ్ళు దాటిన పిల్లలకు చూపించండి.

రెండోది మన పొరుగు ఒరిస్సా కథ, 2019లో వచ్చిన 'ద లీస్ట్ ఆఫ్ దీజ్'. ఆస్ట్రేలియా నుంచి వచ్చి మయూర్‌భంజ్ జిల్లాలో కుష్ఠురోగుల సేవలో ఏళ్ళు గడిపిన గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతీలనూ 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో జీపులో నిద్రిస్తుండగా సజీవ దహనం చేసిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పిల్లలకు పదేళ్ళు ఒకరికి, ఆరేళ్ళు ఒకరికి. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. బొమ్మలో కథ చెప్పే విలేఖరి కల్పిత పాత్ర. ఆ భాగం కాస్త సాగదీసినట్టు ఉంటుంది. అయినా కుష్ఠురోగుల మధ్య స్టెయిన్స్ దంపతుల దినచర్య చూపిన ఘట్టాలు చూసి తీరవలసినవి.

దానికి చెల్లెలి వంటిది 2023లో వచ్చిన 'ద ఫేస్ ఆఫ్ ద ఫేస్‌లెస్'. కేరళలో పుట్టి, మధ్యప్రదేశ్‌లో వడ్డీ వ్యాపారుల చేతుల్లో చిక్కిన గిరిజన రైతుల తరఫున నిలబడిన సిస్టర్ రాణీ మరియా కథ ఇది. 1995 ఫిబ్రవరి 25న ఆమెను బస్సులో పొడిచి చంపారు. ఆమె చెల్లెలు, తానూ సన్యాసినే, జైలుకు వెళ్ళి ఆ హంతకుడి చేతికి రాఖీ కట్టింది. రాఖీ అంటే ఏమిటో ఇక్కడి పిల్లలకు ముందే చెప్పి కూర్చోబెట్టండి. లేకపోతే ఆ ఘట్టం బరువు తెలియదు. క్షమాపణకు ఆమె ఎంచుకున్న గుర్తు ఒక హిందూ పండుగది కావడం మాకు చాలా నచ్చింది.

నాలుగోది మార్టిన్ స్కోర్సెసీ 2016లో తీసిన 'సైలెన్స్'. ఇది పెద్దలకు మాత్రమే. షుసాకు ఎండో 1966లో రాసిన జపాను నవల దీనికి ఆధారం. పదిహేడో శతాబ్దంలో జపాను ప్రభుత్వం క్రైస్తవులను హింసించి, క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించేది. నీవు తొక్కితే నీ మందను బ్రతకనిస్తాం అంటే గురువు ఏం చేయాలి? బొమ్మ జవాబు చెప్పదు. మలక్కా చూసిన వారికి ఈ కథ కొత్త కాదు. 1547లో సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ అంజిరో అనే జపానీయుణ్ణి కలుసుకున్నది మలక్కాలోనే. ఆ పరిచయంతోనే ఆయన 1549లో జపాను చేరాడు. ఆయన పోయాక 1553లో కొన్ని నెలలు శరీరాన్ని ఉంచిన ఖాళీ సమాధి సెయింట్ పాల్ కొండ మీద శిథిలమైన చర్చిలో ఇప్పటికీ ఉంది. బొమ్మ చూశాక ఒక సెలవు రోజున మలక్కా వెళ్ళి ఆ గుంట దగ్గర కాసేపు నిలబడి రండి.

ఐదోది టెరెన్స్ మాలిక్ తీసిన 'ఎ హిడెన్ లైఫ్', 2019ది. హిట్లరుకు విధేయత ప్రమాణం చేయనని చెప్పి 1943 ఆగస్టు 9న శిరచ్ఛేదానికి గురైన ఆస్ట్రియా రైతు ఫ్రాన్జ్ యేగర్‌ష్టెటర్ కథ. ఊళ్ళోవాళ్ళు వెలివేస్తారు. పెద్దలు కూడా "సంతకం పెట్టేయవయ్యా, ఏం పోయింది" అనే అంటారు. పొలం పనంతా భార్య మీద పడుతుంది. దాదాపు మూడు గంటల బొమ్మ. ఆఫీసుల్లో పనిచేసే మనలో చాలామందికి "ఏం పోయింది, సంతకం పెట్టేయండి" అన్న మాట పరిచయమే. అందుకే ఇది పాత యుద్ధకథగా మిగిలిపోదు.

మరి చిన్నపిల్లల మాటేమిటంటారా? 2025లో వచ్చిన 'ద కింగ్ ఆఫ్ కింగ్స్' అనే యానిమేషన్ బొమ్మను విదేశాల్లోని మన బంధువులు మెచ్చుకుంటున్నారు. దక్షిణ కొరియా వారు తీశారు. ఛార్లెస్ డికెన్స్ తన పిల్లల కోసం రాసుకున్న క్రీస్తు చరిత్ర దానికి మూలం. అందులో క్రీస్తు పాత్ర ఉంది కనుక ఇక్కడి నిబంధనల సంగతి పైన చెప్పాం. ఆ బొమ్మ దొరకని ఇంట్లో తండ్రి పుస్తకం తీసి చదివి వినిపించవచ్చు. డికెన్స్ చేసినదీ అదే. ఆయన బ్రతికి ఉండగా దాన్ని అచ్చు వేయనివ్వలేదు. 1934లో గాని అది లోకానికి తెలియలేదు.

'పాషన్' గురించి ఒక హెచ్చరిక. కొరడా దెబ్బల ఘట్టం పెద్దవాళ్ళకే చూడటం కష్టం. భక్తి కోసమని పదేళ్ళ పిల్లల్ని దాని ముందు కూర్చోబెట్టకండి. పిల్లలకు భయం మిగులుతుంది, ప్రేమ మిగలదు.

చివరగా మన పేరాక్ రాష్ట్రపు కథ ఒకటి. ఈపో పక్కన పాపాన్ ఊళ్ళో వైద్యం చేసిన సిబిల్ కార్తిగాసు కాథలిక్ స్త్రీ. జపాను ఆక్రమణ కాలంలో అడవిలోని గెరిల్లాలకు రహస్యంగా మందులిచ్చి, దొంగచాటుగా రేడియో వార్తలు విని పట్టుబడింది. చిన్న కూతుర్ని నిప్పుల మీద వేలాడదీస్తామని బెదిరించినా పేర్లు చెప్పలేదు. బ్రిటిష్ ప్రభుత్వం జార్జి మెడల్ ఇచ్చింది. 1948లో ఆ దెబ్బల వల్లనే పోయింది. ఆమె కథను 2010లో 'అపా దోసాకు?' పేరుతో టెలివిజన్ ధారావాహికగా తీశారు. ఆమె ఆత్మకథ 'నో డ్రామ్ ఆఫ్ మెర్సీ' 1954లో వెలువడింది. పిల్లలకు విశ్వాసం, ధైర్యం అంటే ఎక్కడో పాలస్తీనాలోనో ఐరోపాలోనో జరిగినవి అనిపించకుండా ఉండాలంటే ఈ కథతో మొదలుపెట్టడం మంచిది. పాపాన్ వాళ్ళు కారులో చూసి రాగల ఊరే కదా.

బొమ్మ పెట్టే ముందు పెద్దలలో ఒకరు తాము ఒంటరిగా చూసి ఉండటం మంచిది. అయిపోగానే దీపాలు వేసి, "నీవైతే ఏం చేసేదానివమ్మా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. ఉపన్యాసం వద్దు. పిల్లలు వెంటనే జవాబు చెప్పకపోయినా కంగారు పడనక్కరలేదు. రెండు రోజుల తర్వాత బడికి వెళ్తూ కారులో వాళ్ళే ఎత్తుతారు.

మీరు చూసి మెచ్చిన బొమ్మల పేర్లు, ఎందుకు నచ్చాయో రెండు ముక్కల్లో రాసి మాకు పంపండి. తెలుగులో రాస్తే మరీ సంతోషం. ముఖ్యంగా తెలుగులో ఈమధ్య ఈ కోవకు చెందిన మంచి బొమ్మ ఏదైనా తగిలిందేమో చెప్పండి. అందిన వాటిని రాబోయే సంచికల్లో అందరితో పంచుకుంటాం. అంతవరకు సెలవు.