ఒకే స్తంభము - రెండు దీపములు

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారము మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. విశాఖ, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలు చీకటిలో మునిగినవి. సెల్‌ఫోనులు మూగవోయినవి. దీనికి గాలి ఒక్కటే కారణము కాదు. టవరుకు విద్యుత్తు కావలెను. అది పోయినచో బ్యాటరీలు కొన్ని గంటలే పనిచేయును. ఆపైన జనరేటరుకు డీజిలు అందవలెను. డీజిలు వచ్చు దారికి అడ్డముగా చెట్లు పడియుండును.

నేడు ఆ తీగెపై మన బ్రతుకు మరింత ఆధారపడినది. చౌకధరల దుకాణములో వేలిముద్ర పడినగాని బియ్యము చేతికి రావు. 'సర్వరు పనిచేయుట లేదు' అను మాట విని ముసలమ్మ ఖాళీ సంచితో తిరిగిపోవుట మనమెరుగని దృశ్యము కాదు.

మన రాష్ట్రమున ఫైబర్‌నెట్ తీగెలను చవుకగా, వేగముగా పల్లెలకు చేర్చుటకై విద్యుత్ స్తంభములపైననే లాగిరి. ఆ ఆలోచన తప్పనజాలము. నేల త్రవ్వవలెనన్నచో ఏండ్లు పట్టెడిది. కాని స్తంభము కూలిననాడు ఇంటి దీపమును, వార్తయు ఒక్కసారే ఆరిపోవును.

ప్రకృతి ఒక్కటే శత్రువు కాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై దాడి జరుగగా, రోగుల నమోదు కొన్ని దినములు చేతివ్రాతతో సాగినది. 2024 జూలై 19న ఏ శత్రువును లేకయే, క్రౌడ్‌స్ట్రైక్ అను కంప్యూటరు రక్షణ సంస్థ పంపిన లోపభూయిష్టమైన మార్పు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు స్తంభించినవి. కాపలావాని కర్రయే ఇంటి దీపమును పగులగొట్టినది!

దీనికి పాఠము మన సాహిత్య చరిత్రలోనే కలదు. సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యమునకు పెక్కు వ్రాతప్రతులు సేకరించి, పోల్చి పరిష్కరింపజేసెను. ఒక ప్రతిని చెదలు తిన్నను మరొకదానిలో పద్యము మిగులును. తీగెల రక్షణకును సూత్రమదియే: రెండవ దారి, రెండవ ప్రతి. ముఖ్యమైన తీగెలైనను నేలలోనికి పోవలెను. తుపాను కాలమునకు ముందే టవర్లకు ఇంధనము చేరవలెను. సమాచారపు నకలు వేరొక ఊర నుండవలెను. సర్వరు ఆగిననాడు కాగితముపై వ్రాసి బియ్యమిచ్చు ఏర్పాటుండవలెను.

విశాఖలో డేటా కేంద్రమును, సముద్రగర్భ కేబుళ్ల ద్వారమును నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. దేశమునకు వచ్చు అంతర్జాతీయ కేబుళ్లు ప్రధానముగా ముంబయి, చెన్నైలకే చేరుచుండగా, మరొక ద్వారము ఏర్పడుట మేలే. కాని అది హుద్‌హుద్ తాకిన తీరమే. సముద్రము క్రింది తీగెపై చూపు శ్రద్ధ నెల్లిమర్ల వీధిస్తంభముపై తీగెకును దక్కవలెను. లేనిచో ద్వారము తెరచియుండియు ఇల్లు చీకటిలోనే యుండును.