దొరకిన సొమ్ము

మనుష్యునకు ధనము మూడు విధముల చేతికి వచ్చును. కష్టపడి సంపాదించినది మొదటిది. తల్లిదండ్రులో, బంధుమిత్రులో ప్రేమతో నిచ్చినది రెండవది. దారిలో దొరకినది మూడవది. మొదటి రెండు విధముల ధనమును గూర్చి ఎవ్వరికిని సందేహము కలుగదు. మూడవదాని విషయముననే మనస్సు రెండు దారుల పోవును. "ఇది దొంగిలించినది కాదు, ఎవరిని మోసగించి తెచ్చినదియు కాదు, అదృష్టవశమున దొరకినది. దీనిని ఏల ఉంచుకొనరాదు?" అని ఒక బుద్ధి చెప్పును. "దీనిని పోగొట్టుకొన్నవారు ఎక్కడ నున్నారో, ఎంత దుఃఖించుచున్నారో!" అని వేరొక బుద్ధి హెచ్చరించును. ఈ రెండింటిలో దేనిని వినవలెనో విచారింపవలసి యున్నది.

విడిచిన వస్తువు వేరు, జారిపోయిన వస్తువు వేరు. భోజనమైన తరువాత పారవైచిన విస్తరాకును వెదకికొనుచు ఎవడును రాడు. దానిపై వానికి మమకారము లేదు. కాని కొంగున ముడివైచుకొన్న నోటు జారిపోయినచో, ఆ యిల్లాలు నడచివచ్చిన దారి పొడవునను అడుగడుగున వంగి వెదకును. సొమ్ము చేతినుండి జారినది గాని, ఆమె హక్కునుండి జారలేదు. కావున దొరకిన సొమ్మునకు యజమాని లేడనుట పొరపాటు. యజమాని కలడు, ఎదుట లేడు, అంతియే.

దొరకినవానికి నోటుమీది అంకె మాత్రమే కనబడును. దాని వెనుక నున్న కథ కనబడదు. ఆ డబ్బు మిరపతోటలో ఎండకు మాడి సంపాదించిన కూలి కావచ్చును. ఆసుపత్రిలో నున్న బిడ్డకు మందులు కొనుటకై తెచ్చిన అప్పు కావచ్చును. పరీక్ష రుసుము కట్టుటకై కుఱ్ఱవాడు జేబులో పెట్టుకొన్న సొమ్ము కావచ్చును. ఇంకొక సంగతి కూడ కలదు. ఒక్కొక్కప్పుడు పోగొట్టుకొన్నవాడు ఆ సొమ్మునకు యజమానియే కాడు. యజమాని పంపగా తీసికొని పోవుచున్న గుమాస్తాయో, పనివాడో, పిల్లవాడో అయి యుండును. "దారిలో పడిపోయినది" అని అతడు చెప్పిన నిజమును ఎందరు నమ్ముదురు? సొమ్ముతోపాటు అతని మంచి పేరును పోవును. దానిని ఉంచుకొన్నవాడు తెలియకయే ఒక నిరపరాధిని దొంగగా నిలబెట్టినవాడగును. డబ్బు మరల సంపాదింపవచ్చును. పోయిన నమ్మకమును మరల సంపాదించుట సులభము కాదు.

ఈ ధర్మము క్రొత్తది కాదు. యజమాని తెలియని సొమ్మును రాజు మూడు సంవత్సరములు భద్రపరచవలెనని మనుస్మృతి విధించినది. "నాది" అని వచ్చినవాడు దాని రూపము, సంఖ్య మొదలగు గురుతులు చెప్పినప్పుడే దానిని పొందవలెను. గురుతులు చెప్పలేక అసత్యమాడినవానికి ఆ సొమ్మునకు సమానమైన జరిమానా విధింపబడెడిది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము కూడ, ఇతరుల వస్తువు దొరకి దానిని తీసికొన్నవానికి, దాచుమని యిచ్చిన వస్తువును కాపాడువానికి గల బాధ్యతయే కలదని చెప్పుచున్నది. అనగా దొరకినవాడు ధనికుడు కాలేదు, కావలివాడు అయినాడు. యజమాని ఎవరో తెలిసియు, లేక తెలిసికొను ప్రయత్నము చేయకయు దానిని తన సొంతము చేసికొనుట 1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రకారము నేరము. 2024 జూలై 1వ తేదీన దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ నియమమును నిలిపియుంచినది.

"రాచబాటపై ఒక్క రూపాయి దొరకినను ఊరంతయు తిరుగవలెనా?" అని కొందరు ఆక్షేపింతురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. ఎవరిదో తెలియని ఒక రూపాయిని రాచబాటపై ఏరుకొన్నవాడు నేరస్థుడు కాడని ఆ శిక్షాస్మృతియే ఉదాహరణముగా చెప్పినది. కాని ఒకడు డబ్బుసంచిని జారవిడుచుట కన్నులార చూచి, ఇచ్చివేయుదమని తీసికొని, పిమ్మట మనస్సు మార్చుకొన్నవాడు నేరస్థుడని కూడ అదియే చెప్పినది. యజమానిని కనుగొనుటకు ఎంత అవకాశమున్నదో అంత ప్రయత్నము చేయవలెనని దీని భావము. తరగతి గదిలో దొరకిన రూపాయికి నలుబదిమందిని అడిగిన చాలును. అది ఏమంత కష్టము?

మరికొందరు ఒక మధ్యేమార్గమును కనిపెట్టిరి. దొరకిన సొమ్మును తాము వాడుకొనరు. దేవాలయపు హుండీలో వేయుదురు, లేదా బిచ్చగానికి ఇత్తురు. వారి యుద్దేశము చెడ్డది కాదు. కాని "అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు" అను సామెత వారికి చక్కగా సరిపోవును. శ్రద్ధగా విచారించి, యజమాని దొరకడని నిశ్చయించుకొన్న పిమ్మట అట్లు చేసినచో దోషము లేదు. వెదకుటకు బద్ధకించి హుండీలో వేయుట దానము కాదు, బాధ్యతనుండి తప్పించుకొనుట. పుణ్యము మనకు, నష్టము పరులకు అను లెక్కను ఏ దేవుడును అంగీకరింపడు.

"మనము ఇచ్చిన నేమి? లోకములో అందరును ఉంచుకొనువారే" అనుట వేరొక వాదము. ఇది నిజము కాదని 2019లో ప్రకటింపబడిన ఒక పరిశోధన నిరూపించినది. 40 దేశములలో, 355 నగరములలో, 17,000 కంటె ఎక్కువ పర్సులను బ్యాంకులు, హోటళ్లు, తపాలా కార్యాలయములు మొదలగు చోట్ల "వీధిలో దొరకినది" అని చెప్పి అప్పగించిరి. కొన్నింటిలో డబ్బు కలదు, కొన్నింటిలో లేదు. డబ్బున్నవి తక్కువగా తిరిగివచ్చునని ఎక్కువమంది ఊహించిరి. కాని 38 దేశములలో డబ్బున్న పర్సులే ఎక్కువగా యజమానికి తెలుపబడినవి. మూడు దేశములలో డబ్బు ఒకటే అయినను, తాళపుచెవి గల పర్సులు అది లేనివానికంటె ఎక్కువగా తిరిగివచ్చినవి. తాళపుచెవి ఇతరులకు ఎందుకును పనికిరాదు. దాని యజమానికి మాత్రమే కావలెను. కావున ఇచ్చివేసినవారి మనస్సులో తమను తాము దొంగలుగా చూచుకొనుటకు అయిష్టమును, పోగొట్టుకొన్నవాని కష్టముపై జాలియు రెండును పనిచేసినవని పరిశోధకులు తెలిసికొనిరి.

మంచి యుద్దేశముతోపాటు వివేకమును కావలెను. సంతలో నిలబడి "ఈ అయిదువందల రూపాయలు ఎవరివి?" అని కేకవేసినచో పదిమంది "నావి" అందురు. "కొంత డబ్బు దొరకినది, పోగొట్టుకొన్నవారు గురుతులు చెప్పవలెను" అనుట తెలివి. మనువు చెప్పిన నియమము నేటికిని ఉపయోగించుచున్నది. బస్సులో దొరకినచో కండక్టరుకు, రైలుస్టేషనులో దొరకినచో స్టేషను మాస్టరుకు, పాఠశాలలో దొరకినచో ప్రధానోపాధ్యాయునకు, వీధిలో పెద్దమొత్తము దొరకినచో తల్లిదండ్రులతో కూడ పోయి పోలీసు ఠాణాలో అప్పగింపవలెను. అప్పగించినట్లు వ్రాతమూలముగా రసీదు పుచ్చుకొనుట మంచిది.

నేడు సొమ్ము దారిలోనే గాక చరవాణిలోను దొరకుచున్నది. ఒక అంకె తప్పు నొక్కుటచే ఒకరి ధనము మరియొకరి ఖాతాలో పడును. ఇక్కడ దుమ్ములో సంచి లేదు, ఏరుకొను చేయి లేదు. ధర్మము మాత్రము అదియే. పొరపాటున చెల్లింపబడిన సొమ్మును పుచ్చుకొన్నవాడు తిరిగి ఇచ్చి తీరవలెనని ఆ 1872 చట్టమే చెప్పుచున్నది. అయితే ఎవరో ఫోనులో అడిగినంతనే పంపుటయు క్షేమము కాదు. మోసగాండ్రును కలరు. బ్యాంకువారికి తెలిపి వారి ద్వారా ఇచ్చివేయుట ఉత్తమము.

ఇచ్చివేసినవాడు ప్రతిఫలము తీసికొనవచ్చునా? జపాను దేశపు చట్టము, దొరకిన సొమ్మును తెచ్చి యిచ్చినవానికి యజమాని నూటికి 5 మొదలు 20 వంతుల వరకు బహుమానము ఇయ్యవలెనని విధించినది. మూడు నెలలలో యజమాని రానిచో ఆ సొమ్ము సాధారణముగా దొరకినవానికే చెందును. మన దేశములో యజమాని ముందుగా బహుమానము ప్రకటించియున్నచో దానిని కోరు హక్కు కలదు. ప్రేమతో ఇచ్చినదానిని స్వీకరించుట తప్పు కాదు. ముఖ్యముగా బీదవాడు తన దినకూలి మానుకొని యజమానిని వెదకి సొమ్ము ముట్టజెప్పినప్పుడు, "మంచివాడవు" అను ఒక్క మాటతో సరిపెట్టుట ధనికునకు తగదు. నిజాయితీ ఒకని ధర్మమైనచో, కృతజ్ఞత రెండవవాని ధర్మము. అయినను బహుమానము లభింపకపోయినచో ఇచ్చివేయను అనుట బేరము; అది ధర్మము కాదు.

ఏ ఊరిలోనైనను గోడలు, తలుపులు, తాళములు సొమ్మును కొంతవరకే కాపాడగలవు. దారిలో పడిన సొమ్మును కాపాడునది తరువాత ఆ దారిని వచ్చువాని మనస్సు ఒక్కటియే. నేడు దొరకినవాడు రేపు పోగొట్టుకొనవచ్చును. తన సొమ్ము ఎట్టివాని కంటబడవలెనని ప్రతివాడును కోరునో, అట్టివాడుగా తాను ఉండుటయే ఈ విషయమున నేర్వవలసిన నీతి.