బావమరిది కారూ, బంతి భోజనమూ

మా బావమరిది ఎలక్ట్రిక్ కారు కొని యేడాదిన్నరయింది. కొన్న కొత్తలో మా అత్తగారు యెంతో సంబరపడింది, కొడుకు యిక నెలకు రెండుసార్లయినా హైదరాబాదు నుంచి వచ్చి కనిపించి పోతాడని. తుంటి యెముక విరిగినప్పటి నుంచి ఆవిడ విజయవాడలో మా యింట్లోనే వుంటున్నది. మంచం దిగి నాలుగడుగులు వేయాలంటే మా ఆవిడ భుజం కావాలి. కొడుకు వస్తానన్న ఆదివారం మాత్రం పొద్దున్నే తల దువ్వించుకుని, వీధి గుమ్మంకేసి చూస్తూ కూచుంటుంది.

ఆ ఆదివారాలు కాస్తా రెండు నెలలకొకటి అయినాయి. కారణం తెలిశాక నవ్వాలో యేడవాలో నాకు తోచలేదు.

ఆ కారు ఒకసారి నిండా ఛార్జి చేస్తే 200 కిలోమీటర్లు నడుస్తుంది. హైదరాబాదు నుంచి మా వూరికి 270 పైచిలుకు. దారిలో ఫాస్ట్ ఛార్జింగు స్టేషన్లు లేక కాదు. “అక్కడ పెడితే రెండేళ్ళలో బ్యాటరీ చచ్చిపోతుంది, బావగారూ” అని యెవరో వాడి చెవిలో వూదారు. బ్యాటరీ మార్చడమంటే లక్షల్లో మాట. అందుకని మావాడు శనివారం రాత్రికి సూర్యాపేటలో పినతల్లిగారింట దిగి, తెల్లవార్లూ 15 ఆంపియర్ల ప్లగ్గుకి కారు తగిలించి, ఆదివారం పదిగంటలకు మా వాకిట్లో ప్రత్యక్షమవుతాడు. తల్లిని పలకరించే ముందే “అక్కయ్యా, ప్లగ్గెక్కడ?” అంటాడు. సాయంత్రం మళ్ళీ సూర్యాపేట. సోమవారం సెలవు. యిన్ని సోమవారాలు యే ఆఫీసువాళ్ళిస్తారు చెప్పండి! పోనీ బస్సులో రావోయ్ అంటే, “మరి కారు కొన్నది దేనికి?” అంటాడు.

మొన్న అత్తగారు నన్ను పిలిచి, “ఆ బ్యాటరీకి నాకంటె వయసెక్కువా బాబూ, దాన్నంత భద్రంగా చూసుకుంటున్నాడు?” అన్నది. హాస్యమో నిష్ఠూరమో గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నేను తెలుగు మేష్టర్ని. ఛార్జి అనే దాన్ని మన పాఠ్యపుస్తకాల్లో ‘ఆవేశం’ అంటారన్నంత వరకే నా విజ్ఞానం. కనక మర్నాడు మా కాలేజీ కెమిస్ట్రీ మేష్టారిని కాఫీకి పట్టుకున్నాను. ఆయన చెప్పిందే నా భాషలో మనవి చేస్తాను.

బ్యాటరీలో ఒక పక్క గ్రాఫైటు వుంటుంది. పెన్సిలు ములుకులో వుండే సరుకే. అది పొరలు పొరలుగా వుంటుంది. ఛార్జి పెట్టినప్పుడు అవతలి పక్కనుంచి లిథియం అయానులు వచ్చి యీ పొరల మధ్య దూరి కూచుంటాయి. పెళ్ళిలో బంతి భోజనమనుకోండి. మొదట విస్తళ్ళన్నీ ఖాళీ. యెంతమంది వచ్చినా చకచకా కూచుంటారు. ముప్పాతిక వంతు నిండాక వచ్చినవాడు ఖాళీ విస్తరి వెతుక్కోవాలి. అప్పుడు కూడా వెనకనుంచి తోస్తే జనం గుమ్మంలోనే చతికిలబడతారు. అలాగే లోపలికి పోలేని లిథియం గ్రాఫైటు మీదనే లోహంగా పేరుకుంటుంది. అందులో కొంత మళ్ళీ పనికి రాదు. చలిదేశాల్లో యీ బెడద మరీ యెక్కువ. చలికి అయానుల నడక మందగిస్తుంది. బెజవాడలో ఆ భయం లేదు లెండి. మన భయం వేడి. వేడెక్కిన కొద్దీ బ్యాటరీ లోపల అక్కరలేని రసాయనిక చర్యలు హెచ్చి, లిథియాన్ని కొంచెం కొంచెంగా మింగేస్తాయి. యింటి ప్లగ్గు గంటకు 3 యూనిట్లు యిస్తే, ఫాస్ట్ ఛార్జరు 50 యూనిట్ల వేగంతో యిస్తుంది. వేడి పుట్టక మానదు. కాబట్టి వాడి చెవిలో వూదినవాడు పూర్తిగా అబద్ధమేమీ ఆడలేదు.

“అయితే నష్టమెంత?” అన్నాను. అసలు సంగతి అక్కడే వున్నది.

అమెరికాలో ఫీనిక్స్ అని ఒక నగరం. యెడారి మధ్యన, మన రెంటచింతలకు పెద్దన్న. అక్కడ ఐడహో నేషనల్ లేబొరేటరీవారు 2012 మోడలు నిస్సాన్ లీఫ్ కార్లు నాలుగు తీసుకుని, రెండింటికి నెమ్మది ఛార్జింగు, రెండింటికి ఫాస్ట్ ఛార్జింగు పెడుతూ 50,000 మైళ్ళు, అంటే 80,000 కిలోమీటర్లు తిప్పారు. చివరికి నాలుగు బ్యాటరీల శక్తీ నాలుగోవంతు దరిదాపుగా తరిగింది. ఫాస్ట్ ఛార్జింగు కార్లకు అదనంగా తరిగింది కొద్ది శాతమే. ఆ కార్ల బ్యాటరీకి చల్లని ద్రవం తిప్పే యేర్పాటు లేదు. దొంగ యెవరో తెలిసిందా? తొందర కాదు, యెండ. తొందర వాడికి నిచ్చెన పట్టిందంతే.

2023లో రికరెంట్ అనే అమెరికా సంస్థ 12,000 పైచిలుకు టెస్లా కార్ల లెక్కలు తీస్తే, తరచు ఫాస్ట్ ఛార్జింగు పెట్టేవాటికీ, అరుదుగా పెట్టేవాటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అవి అప్పటికి బాగా పాతబడిన కార్లు కావు గనక, నేను దాన్ని నూటికి నూరుపాళ్ళూ నెత్తిన పెట్టుకోను. కాని యిప్పటి కార్లలో చాలావాటికి బ్యాటరీ చల్లబరిచే యేర్పాటున్నది. బంతిలో పెళ్ళిపెద్దలాగా కంప్యూటరొకటి గుమ్మంలో నిలబడి, లోపల జాగా చూసి మరీ జనాన్ని వదులుతుంది. 80 శాతం దాటాక ఫాస్ట్ ఛార్జింగు కూడా నత్తనడక నడిచేది అందుకే.

ఆ రాత్రే మావాడికి ఫోను చేశాను. “సూర్యాపేటలో 80 దాకా పెట్టుకో. అక్కడినుంచి మాకు 135 కిలోమీటర్లేగా. యెండాకాలం తెల్లవారుజామునే బయలుదేరు. మిగతా రోజుల్లో యింటి ప్లగ్గు యెలాగూ వున్నది. నీ కారు కాగితాలు తీసి చూడు, బ్యాటరీకి యెన్నేళ్ళు హామీ యిచ్చారో” అన్నాను.

కాగితాల చప్పుడు వినిపించింది. “ఎనిమిదేళ్ళు. 1,60,000 కిలోమీటర్లు,” అన్నాడు. కాసేపాగి, “అయినా కొంత పోతుంది గదా, బావగారూ?”

“పోతుంది. యెంత పోతుందో మీ అమ్మకు చెప్పమంటావా?”

అవతల మాట లేదు.

పోయిన ఆదివారం తొమ్మిదిన్నరకల్లా కారు మా వాకిట్లో ఆగింది. ప్లగ్గు వూసెత్తకుండా, చెప్పులు విడిచి, నేరుగా తల్లి మంచం దగ్గరికి వెళ్ళి కూచున్నాడు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, మొట్టమొదట అడిగిన ప్రశ్న యేమిటనుకున్నారు?

“బ్యాటరీకేమీ కాలేదు కదురా?”